మైకక్కకు వచ్చిన మాస్కు

టీచరమ్మ ఖాళీ బిస్కెట్ డబ్బాలో తొమ్మిది చీటీలు వేసి, గలగలా ఊపి బల్ల మీద పెట్టింది. తొమ్మిది మందీ పెద్దవాళ్లే, అయినా చిన్నపిల్లల్లా ఎగబడ్డారు. అది బస్టాండు పైఅంతస్తులో ట్రైనింగు గది. వారానికి మూడు రోజులు, సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర దాకా అక్కడ జపనీస్ క్లాసు జరిగేది. జపాన్ కంపెనీ ఒకటి ఊరి పక్కన ఫ్యాక్టరీ పెట్టింది. వచ్చేపోయే జపాన్ వాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి మైకులో వాళ్ల భాషలో కూడా బస్సుల సంగతి చెప్పాలని పైవాళ్లు నిర్ణయించారు. ఆ పనికి ఒక్కరినే తీసుకుంటారు. క్లాసు చివర పరీక్ష పెట్టి ఎంచుతారు.

పరీక్ష కూడా మామూలుది కాదు. ఎవరికి ఏ చీటీ వస్తే ఆ జపాన్ మాస్కు సొంత చేతులతో చేసి, దాన్ని పెట్టుకుని, ఆ మనిషిలా మూడు నిమిషాలు మాట్లాడాలి. "మొహం కనిపించకపోతే సిగ్గు పోతుంది. సిగ్గు పోతే భాష వస్తుంది" అనేది టీచరమ్మ నమ్మకం.

అందరికంటే ముందు చిలక తీసింది. చిలక అంటే బస్టాండులో మైకు దగ్గర కూర్చునే అమ్మాయి. ఇరవై ఆరేళ్లుంటాయి. చక్కటి గొంతని ఆ పేరు పెట్టారు.

"ఒకామె" అని చదివింది.

"ఎవరామె?" అన్నాడు గేటు దగ్గరుండే సెక్యూరిటీ గార్డు.

"ఒకామె."

"అదేనమ్మా నేనడిగేది. ఎవరామె?"

టీచరమ్మ నవ్వాపుకోలేక, "ఆ మాస్కు పేరే ఒకామె అండీ. బూరెబుగ్గల నవ్వుమొహం ఆడమనిషి. ఇంట్లో ఉంటే అదృష్టమంటారు" అంది. గది గొల్లుమంది. గార్డుకు నక్క వచ్చింది. క్యాంటీనాయనకు కొమ్ముల రాక్షసుడు వచ్చాడు. అంతా నవ్వుల్లో ఉండగా మైకక్క తన చీటీ విప్పింది. అందులో 'హ్యొత్తొకో' అని ఉంది.

టీచరమ్మ గోడకు అంటించిన బొమ్మల్లో దాన్ని చూపించింది. ఒక కన్ను పెద్దది, ఒకటి చిన్నది. మూతి గొట్టంలా ముందుకు సాగి ఒక పక్కకు తిరిగిపోయి ఉంది.

"ఇతను ఊదుగొట్టంతో పొయ్యి ఊదే మనిషి. ఊది ఊది మూతి అలా వంకరపోయిందని చెబుతారు. చూడగానే నవ్వొస్తుంది, కానీ..." అంటూ ఎవరితో మాట్లాడుతోందో గుర్తొచ్చి ఆగిపోయింది.

గదిలో అందరూ మైకక్క వైపు తిరిగారు. ఎందుకంటే ఆవిడ మూతి కూడా అలాగే కుడివైపుకు లాక్కుపోయి ఉంటుంది. ఎడమ కన్ను పూర్తిగా మూతపడదు.

రెండేళ్ల కిందటి దాకా ఆవిడ అలా ఉండేది కాదు. పదిహేడేళ్లు ఆ బస్టాండుకు గొంతంటే ఆవిడే. పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ మైకక్క. ఒక ఉదయం టీ తాగుతుంటే నోటి ఎడమ మూల నుంచి చీర మీద కారింది. గ్లాసు పగిలిందేమో అనుకుని తిప్పి తిప్పి చూసింది. అద్దం ముందుకు వెళ్లేసరికి సగం మొహం ఆవిడ మాట వినడం మానేసింది. పక్షవాతమని ఇంట్లో గొల్లుమన్నారు. అది కాదు, మొహానికి వెళ్లే నరం వాచిందన్నారు డాక్టర్లు. మందులు వాడితే ముప్పాతిక భాగం తిరిగొచ్చింది. పావు భాగం రాలేదు. పోయిన పావులో ఎక్కువ పెదవులదే.

పెదవులు గట్టిగా కలవకపోతే 'ప' రాదు, 'బ' రాదు, 'మ' రాదు. బస్టాండులో మైకు ముందు కూర్చునే మనిషికి 'బస్సు' అనే మాటకే నోరు తిరగలేదు. 'వస్సు' అని వచ్చేది. సెలవు ముగించుకుని వచ్చిన రెండో వారంలో ఒక ఫిర్యాదు వచ్చింది. ఏడో ప్లాట్‌ఫాం బస్సును రెండుకు మార్చారు. ఆ మార్పు సరిగ్గా వినిపించక ఒకతను బస్సు తప్పిపోయి, ఉద్యోగం ఇంటర్వ్యూకు వెళ్లలేకపోయాడు. మైకులో చెప్పేవాళ్ల మాట అర్థం కాలేదని రాసిచ్చాడు. స్టేషన్ మేనేజరు మంచిగానే మాట్లాడాడు. "కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోండమ్మా" అని పోయిన సామాన్ల గదిలో వేశాడు. మైకు పక్కన పని నేర్చుకుంటున్న చిలకకు ఆ కుర్చీ దక్కింది.

ఆ గదిలో గొడుగులు, ఒంటి చెప్పులు, ఎవరో మర్చిపోయిన పళ్లసెట్టు మధ్య మైకక్క రెండేళ్లు గడిపింది. పళ్లసెట్టు కోసం ఇంతవరకూ ఎవరూ రాలేదు. ఆవిడను తినేసింది ఆ కుర్చీ పోవడం కాదు. తన మూతి వల్ల ఎవడో పిల్లాడికి ఉద్యోగం రాకుండా పోయిందన్న సంగతి. జపనీస్ క్లాసు పెడుతున్నారని నోటీసు అంటించగానే మొదటి పేరు ఆవిడే ఇచ్చింది. కొత్త భాషైతే అందరూ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే కదా అనుకుంది.

ఇప్పుడు చూడబోతే చేతిలో ఈ చీటీ.

"అక్కా, నాది నువ్వు తీసుకో. నీది నాకివ్వు" అంది చిలక, అందరూ వింటుండగా.

ఆ మాట పుండు మీద కారం చల్లినట్టయింది. "ఇప్పటికి నా దగ్గర తీసుకున్నవి చాల్లేమ్మా. ఇదైనా నాకుండనీ" అంది మైకక్క.

చిలక మొహం పాలిపోయింది. టీచరమ్మ తడబడుతూ ఇంకో మాట చెప్పింది. ఒకామె, హ్యొత్తొకో జంట మాస్కులట. వాళ్లిద్దరూ కలిసే ఆడతారట. అందుకని పరీక్షలో వీళ్లిద్దరూ కలిసే మాట్లాడాలి. ఒకామె ప్రయాణికురాలు. బస్సు ఎక్కడుందని అడుగుతుంది. హ్యొత్తొకో సమాధానం చెబుతాడు.

జపాన్ వాళ్ల భాషలో మూడో ప్లాట్‌ఫాంను 'సంబన్ నొరిబ' అంటారు. బస్సు 'బసు'. ఎటు తిరిగినా 'బ'యే. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే.

*

మాస్కు చేయడం మూడు వారాల పని. మొదట బంకమట్టితో మొహం చేయాలి. దాని మీద తడికాగితం ఒక పొర, జిగురు లేకుండా. ఆపైన మైదా జిగురుతో ఏడు పొరలు. ఆరాక మట్టి ఊడదీసి, తెల్లరంగు పూసి, కళ్లూ బుగ్గలూ దిద్దాలి. కాగితానికి కరువు లేదు. పాత టైంటేబుళ్ల కట్టలు స్టోరు నిండా ఉన్నాయి. బస్సుల పేర్లు, వేళలు, ఊళ్ల మధ్య దూరాలు అందరి మాస్కుల లోపలా అతుక్కుపోయాయి.

మైకక్క మట్టిమూతి రెండుసార్లు జారిపోయింది. గొట్టంలా సాగదీస్తే కిందికి వాలుతోంది. టీచరమ్మ గోడ మీది బొమ్మ ఊడదీసి తెచ్చిచ్చింది. మూడో రోజు పోయిన సామాన్ల గదిలో ఎవరిదో చేతి అద్దం కనిపిస్తే, తలుపు గడియ పెట్టి మైకక్క తన మొహం చూసుకుంది. రెండేళ్లుగా బొట్టు కూడా చూడకుండా పెట్టుకుంటున్న మనిషి. నవ్వబోతే కుడి బుగ్గలో ఏది ముడుచుకుంటుందో, ఎడమ పక్క ఏది రాకుండా మొండికేస్తుందో వేలితో తడిమి చూసింది. కళ్ల వెంట నీళ్లొచ్చాయి. ఎడమ కన్ను ఎలాగూ రోజంతా కారుతూనే ఉంటుంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఆ సాయంత్రం మట్టి మీద మూతి ఒక్క ఊపులో కుదిరింది. క్యాంటీనాయన చూసి, "అక్కా, వీడు ఇప్పుడే ఉఫ్ మంటాడేమో" అన్నాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు. మైకక్క మాత్రం మొదటిసారి నవ్వింది.

చిలకతో మాత్రం మాట లేదు. జంటగా కూర్చుని సంభాషణ వల్లె వేసేవాళ్లు. ఒకరి ప్రశ్న, ఒకరి సమాధానం, అంతే. మైకక్క 'సంవన్ నొరివ' అన్న ప్రతిసారీ చిలక కళ్లు దించుకునేది. ఆ దించుకోవడం జాలి అనుకుని మైకక్క లోపల్లోపల ఉడికిపోయేది.

పరీక్ష ఇంకా మూడు రోజులుందనగా, రంగులన్నీ అయి కిటికీ పక్క బల్ల మీద ఆరబెట్టిన హ్యొత్తొకో మాస్కు నొక్కుకుపోయి కనిపించింది. ఎడమ బుగ్గ లోపలికి సొట్టబోయింది. రంగు బీటలిచ్చింది. పక్కనే ఒకామె బూరెబుగ్గలతో నవ్వుతూ చెక్కుచెదరకుండా ఉంది.

మైకక్కకు ఒళ్లు మండిపోయింది. "ఎవరు చేశారు?" అంది.  జవాబు కోసం ఆగలేదు. ఆవిడ తిన్నగా చిలక ముందుకు వెళ్లింది.

"నా కుర్చీ తీసుకున్నావు. సరే, నా ఖర్మ అనుకున్నాను. ఈ వంకరమూతిని కూడా బతకనివ్వవా?"

"నేను ముట్టుకోలేదక్కా."

"నీది చక్కగా ఉంది, నాదొక్కటే ఎలా నలిగింది?"

"ఒట్టు, మాస్కు నేను ముట్టుకోలేదు." చిలక బల్ల అంచు పట్టుకుంది. "నేను చేసింది అది కాదు. వేరే. ఆ రోజు... ఏడో ప్లాట్‌ఫాం బస్సు రెండుకు మార్చారు చూడు, ఆ చీటీ మూడూ పదికే నా చేతికొచ్చింది. నేను ఫోనులో ఉన్నాను. పక్కన పెట్టి మర్చిపోయాను. నీకిచ్చింది మూడుంపావు దాటాక ఇంకో పది నిమిషాలకు. నువ్వు మైకులో మూడుసార్లు చెప్పేలోపు బస్సు గేటు దాటేసింది. అతనికి నీ మాట అర్థం కాకపోవడం కాదక్కా. నువ్వు చెప్పేటప్పటికి అక్కడ బస్సే లేదు."



"రెండేళ్లు" అంది మైకక్క. 

"కొత్తగా చేరాను. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. ఫిర్యాదు నీ మీద పడగానే... ఇక నోరు రాలేదు. రోజూ చెబుదామనుకునేదాన్ని."

"తేలు కుట్టిన దొంగలా కూర్చున్నావన్నమాట. నా కుర్చీలో."

సరిగ్గా ఆ క్షణంలో, ఇంతకంటే తప్పుడు సమయం ఇంకోటి ఉండదన్నట్టు, గార్డు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా... మాస్కు మీద రంగు డబ్బా పెట్టింది నేను. కింద అది ఉందని చూళ్లేదు. చెబుదామనుకునేలోపు మీ మాటలు ఎక్కడికో వెళ్లిపోయాయి."

ఎవరూ నవ్వలేదు. మైకక్క నలిగిన మాస్కు తీసుకుని బయల్దేరింది. గుమ్మం దాటుతూ చిలకకు ఒక్క మాట చెప్పింది. "మేనేజరుకు నేను చెప్పను. నువ్వే చెప్పు. శనివారం సాయంత్రం దాకా చూస్తాను."

*

ఇంట్లో భర్తకు జరిగినదంతా చెప్పింది. ఆయన తాళాలు బాగుచేసే మనిషి, మాట తక్కువ. చేతిలో ఉన్న తాళం కప్ప పక్కన పెట్టి, "శనివారం దాకా ఎందుకు? రేపే వెళ్లి చెప్పు" అన్నాడు.

"నేను చెబితే చాడీ అవుతుంది. తను చెబితే నిజమవుతుంది."

"చెప్పకపోతే?"

ఆవిడ మాస్కు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. రెండేళ్లు మోసిన తప్పు తనది కాదని తెలిస్తే తేలికపడాలి కదా. పడలేదు. ఎవరి మీద ఎంత కోపం తెచ్చుకోవాలో లెక్క తేలడం లేదు. అన్నిటికంటే తన మీదే కోపంగా ఉంది. అందరితోపాటు తనూ ఆలోచించకుండా తన నోటినే దోషిని చేసింది.

మర్నాడు సెలవు. పొద్దున్నే వంటింట్లో కూర్చుని, సొట్ట సరిచేయొచ్చేమో చూద్దామని మాస్కు మొహానికి పెట్టుకుంది. లోపలికి పొడుచుకొచ్చిన కాగితం ఎడమ బుగ్గను పైకి నొక్కింది. తీసేద్దామనుకుంటూనే అలవాటుగా వాక్యం అప్పజెప్పింది.

"సంబన్ నొరిబ."

ఆగిపోయింది. మళ్లీ అంది. "బసు." మళ్లీ, ఈసారి తెలుగులో, "బస్సు. బస్సు బయలుదేరుటకు సిద్ధంగా ఉంది."

పక్కగదిలోంచి అత్తగారి గొంతు వచ్చింది. ఆవిడకు చెవులు అంతంతమాత్రం. రెండేళ్లుగా కోడలు ఏమన్నా "ఏంటీ?" అని రెండుసార్లు అడగందే వదలని మనిషి. "బస్సేంటే పొద్దున్నే? ఎక్కడికి ప్రయాణం?"

మైకక్క మాస్కు తీసి, బొటనవేలితో అదే చోట బుగ్గ పైకి నొక్కి పట్టుకుంది. "ఎక్కడికీ లేదత్తయ్యా. బస్సు, బల్ల, బంతి, బావ!" అని అరిచింది.

"బావ సంగతి నాకెందుకు, వాడు నీ మొగుడు" అని విసుక్కుందావిడ. ఇంతకుముందులా రెట్టించి అడగలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఇలా చేయమని ఎప్పుడో చెప్పే ఉంటుంది. పావు రాదన్న మాట విన్నాక మైకక్క ఆ తర్వాత చెప్పినవేవీ వినలేదు, మళ్లీ వెళ్లనూ లేదు. ఆ రోజంతా మాస్కు బాగుచేసింది. బయటి బీటలు పూడ్చి, బుగ్గకు కొత్త రంగు వేసింది. లోపలి సొట్ట మాత్రం ఉంచేసింది. దాని మీద మడత కాగితాలు అతికించి ఇంకాస్త గట్టి చేసింది.

*

పరీక్ష రోజు మేనేజరు పక్కన బయటి నుంచి వచ్చిన పరీక్షకురాలు కూర్చుంది. తెల్లజుట్టు పెద్దావిడ. నక్క వచ్చి మాట్లాడి వెళ్లింది, రాక్షసుడు రెండుసార్లు తప్పులు చెప్పి తన కొమ్ములు తనే సర్దుకున్నాడు. తర్వాత వీళ్ల వంతు.

ఒకామె, హ్యొత్తొకో ఎదురెదురుగా నిలబడ్డారు. రెండు రంధ్రాల్లోంచి చిలక కళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. వాచి ఉన్నాయి. మొదట ఒకామె అడగాలి. 'బస్సు ఎక్కడుంది?' అని. అడగలేదు.

ఒక క్షణం, రెండు, మూడు. మేనేజరు కలం ఎత్తాడు. టీచరమ్మ చేతులు పిసుక్కుంటోంది. చిలకకు మాట రావడం లేదని మైకక్కకు అర్థమైంది. నిజం చెప్పాలంటే ఆ నాలుగో క్షణం ఆవిడకు తియ్యగా ఉంది. ఊరికే నిలబడితే చాలు. ఏమీ చేయనక్కర్లేదు. రెండేళ్లు తనెలా నిలబడిందో ఈ పిల్ల కూడా అలా ఒక్క నిమిషం నిలబడితే తెలుస్తుంది.

కానీ ఎదురుగా ఎటు పోవాలో తెలియని ప్రయాణికురాలు నిలబడి ఉంది. పదిహేడేళ్లు అలాంటివాళ్ల కోసమే నోరు విప్పిన మనిషి. కరుణో ఏమిటో ఆవిడకే తెలియదు, మాట దానంతటదే వచ్చేసింది. సంభాషణలో లేని మాట.

"దొచిరా ఎ?" అంది. ఎటు వెళ్లాలి అని.

ఒకామె తల కదిలింది. "బసు... బసు వ దొకొ దెసుకా?" అంది సన్నగా.

"బసు వ సంబన్ నొరిబ దెసు." ప్రతి 'బ' గోళీ రాలినట్టు పడింది. మేనేజరు కలం దించి ముందుకు వంగాడు. అప్పటి నుంచి మూడు నిమిషాలు ఎలా గడిచాయో ఇద్దరికీ తెలియదు. చివర్లో పరీక్షకురాలు మైకక్కను మాస్కు తీయమంది. తీసింది. వంకరమూతి మాస్కు వెనక వంకరమూతి. పెద్దావిడ చూసి, "మాస్కు లేకుండా ఒకసారి చెప్పండి" అంది.

 మైకక్క బొటనవేలు బుగ్గకు ఆనించింది. "సంబన్ నొరిబ." మొదటిది కొంచెం జారింది. రెండోసారి సరిగ్గా వచ్చింది. పెద్దావిడ కాగితం మీద ఏదో రాసుకుంది. ఏం రాసిందో ఆ రోజు చెప్పలేదు.

*

శనివారం మధ్యాహ్నం దాకా చిలక మేనేజరు గదివైపు వెళ్లలేదు. మైకక్క గొడుగులకు చీటీలు కడుతూ గంట గంటకూ గడియారం చూసింది. నాలుగున్నరకు చిలక కాగితం పట్టుకుని పోయిన సామాన్ల గదికి వచ్చింది.

"చదివి చూడక్కా. తర్వాత ఇస్తాను."

మైకక్క చదివింది. 'నా వల్ల జరిగిన పొరపాటు' అని ఉంది. కాగితం తిరిగిచ్చింది.

"చీటీ మర్చిపోవడం పొరపాటు. ఆ తర్వాత రెండేళ్లు పొరపాటు కాదు. అది కూడా రాయి."

చిలక అక్కడే, పళ్లసెట్టు పక్కన కాగితం పెట్టుకుని మళ్లీ రాసింది. రాస్తూ ఏడ్చింది. మైకక్క ఓదార్చలేదు. వెళ్లమని కూడా అనలేదు. ఐదు కావస్తుండగా ఆ కాగితం మేనేజరు బల్ల మీదకు చేరింది.

చిలకను ఆరు నెలల పాటు మైకు నుంచి తప్పించి, బస్సుల వివరాలు చెప్పే విచారణ కిటికీలో వేశారు. ఉద్యోగం పోలేదు. మైకక్కకు నెల రోజులు చూస్తామని కుర్చీ తిరిగిచ్చారు. బుగ్గకు వేలు ఆనించి మాట్లాడింది, ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. జపనీస్ ప్రకటనలూ ఆవిడకే ఇచ్చారు. మార్కుల్లో మాత్రం మొదట వచ్చింది సెక్యూరిటీ గార్డు. గేటు వదిలి రానన్నాడు కాబట్టి రెండో స్థానంలో ఉన్న ఆవిడకు దక్కింది.

పాత ఫైల్లోంచి ఆ ఇంటర్వ్యూ అబ్బాయి చిరునామా తీసుకుని మైకక్క ఒక ఉత్తరం రాసింది. జరిగింది ఇదీ, తప్పు బస్టాండుది, క్షమించమని. జవాబు రాలేదు.

ఆరు నెలలయ్యాక చిలక మళ్లీ మైకు గదికి వచ్చింది. ఒకరు పొద్దున, ఒకరు సాయంత్రం. డ్యూటీ మారేటప్పుడు ఐదు నిమిషాలు ఒకే గదిలో ఉంటారు. పని మాటలు తప్ప ఇంకేం లేవు. ఒక రోజు చిలక, తన డ్యూటీలో కూడా చదవమన్న జపనీస్ ప్రకటన కాగితం ముందు పెట్టి, "ఇది సరిగ్గా చదువుతున్నానా?" అని అడిగింది. మైకక్క మొత్తం విన్నది.

"చివర సాగదీస్తున్నావు. తుంచెయ్" అంది. బ్యాగు భుజానికి వేసుకుని, ఇంకోసారి చదవమని అక్కడే నిలబడింది.